పార్టీగేట్ జరిమానాలు, మన పిల్లల కేసులు: అపోహలు - వాస్తవాలు

కోవిడ్ కాలంలో బ్రిటన్ ప్రధాని ఆఫీసులోనే నిబంధనలకు విరుద్ధంగా పార్టీలు జరిగిన వ్యవహారమే పార్టీగేట్. అలా గుమిగూడినందుకు పడిన కోవిడ్ జరిమానా విషయమై నా దగ్గరికి వచ్చే మన తెలుగు పిల్లలు రెండు రకాలు. "బోరిస్ జాన్సన్‌కే ఏమీ కాలేదు, మాకేమవుతుంది సార్" అనేవాళ్లు కొందరు. "క్రిమినల్ రికార్డ్ పడిపోయింది, ఇక వీసా రాదు" అని నిద్ర మానేసినవాళ్లు మిగతావాళ్లు. లండన్‌లో సొలిసిటర్‌గా ఈ రెండు మాటలూ విని విని విసుగొచ్చింది. రెండూ వాట్సాప్ గ్రూపుల్లో పుట్టినవే, రెండూ తప్పే.

అపోహ: ప్రధానికి పడిన జరిమానాయే ఉత్తుత్తిది. మనం కట్టకపోయినా తర్వాత ఏమీ రాలేదంటే అయిపోయినట్టే.

జనానికి ఎక్కువ నష్టం చేసింది ఈ అపోహే. 2020 జూన్ 19న క్యాబినెట్ రూమ్‌లో అప్పటి ప్రధాని జాన్సన్ పుట్టినరోజుకు గుమిగూడినందుకు 2022 ఏప్రిల్‌లో ఆయనకు, అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కు ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసులు (కోర్టుకు వెళ్లకుండా జరిమానా కట్టి ముగించుకోమనే నోటీసులు) వచ్చాయి. ఇద్దరూ డబ్బు కట్టేశారు. కట్టారు కాబట్టే కథ అక్కడితో ఆగింది. గడువులోపల కడితే ఆ నేరానికి కోర్టులో కన్విక్షన్ (నేరం రుజువైందన్న తీర్పు) పడే ప్రసక్తే ఉండదు, క్రిమినల్ రికార్డూ ఉండదు. అదే ఏడాది అక్టోబర్‌లో సునాక్ ప్రధాని కూడా అయ్యారు. అంటే కట్టేసి భయపడుతున్నవాళ్లూ, మీరు హాయిగా పడుకోండి.

కట్టనివాళ్ల సంగతి వేరు. 28 రోజుల్లో కట్టకపోతే పోలీసులు కేసును సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ కింద కోర్టుకు పంపే వీలుండేది. అక్కడ ఒక మేజిస్ట్రేట్, ఆయనకు సలహా చెప్పడానికి ఒక లీగల్ అడ్వైజర్ ఉంటారు. అంతా కాగితాల మీదే నడుస్తుంది, బయటివాళ్లెవరూ ఉండరు. ఇంటికి వచ్చిన ఉత్తరానికి 21 రోజుల్లో జవాబివ్వకపోతే మీరు లేకుండానే తీర్పు అయిపోతుంది. ఈసారి పడేది నిఖార్సైన కన్విక్షన్. జరిమానా పెరుగుతుంది, ఖర్చులు, సర్‌చార్జ్ కలుస్తాయి.

ఆ ఉత్తరం వెళ్లేది నోటీసు రోజున మీరు చెప్పిన అడ్రసుకి. ఈస్ట్‌హామ్, ఇల్ఫర్డ్‌లలో షేరింగ్ రూముల్లో ఉండే పిల్లలు ఎన్ని ఇళ్లు మారతారో నాకు తెలుసు, నేనూ అలా మారినవాణ్ణే. మా పాత ఇంటి ఓనర్ నా ఉత్తరాలు మైక్రోవేవ్ మీద పేర్చి పెట్టి, నెలకోసారి ఫోన్ చేసి తిట్టేవాడు. అందరికీ అలాంటి ఓనర్ దొరకడు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి రూమ్మేట్ బర్త్‌డేకి నోటీసు తీసుకున్నాడు. సీనియర్ ఎవరో "లైట్ తీస్కో" అన్నాడట, తీసుకున్నాడు. ఇల్లు మారాడు. ఏళ్ల తర్వాత, ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఫారం నింపబోతుంటే జరిమానా బకాయి ఉత్తరం తిరిగి తిరిగి చేతికి వచ్చింది. గోటితో పోయేది గొడ్డలి దాకా రావడమంటే ఇదే.

"ఫారంలో రాయకపోతే వాళ్లకెలా తెలుస్తుంది సార్?" అని అడిగాడు. దయచేసి ఈ ఆలోచన మానుకోండి. చిన్న జరిమానాతో పడిన కన్విక్షన్ గురించి వివరణ ఇచ్చుకోవచ్చు. దాచారని తేలితే మాత్రం అది మోసం కింద లెక్క. నేను చూసినంతలో అప్లికేషన్‌ను ముంచేది నేరం కాదు, దాచడమే.

దారి ఉంది. కేసు సంగతి నిజంగా తెలియకుండానే కన్విక్షన్ పడితే, తెలిసిన 21 రోజుల్లోపు కోర్టుకు స్టాట్యుటరీ డిక్లరేషన్ (ఆ సంగతి తెలియదని ప్రమాణం చేసి ఇచ్చే ప్రకటన) ఇవ్వండి. పాత తీర్పు చెల్లకుండా పోయి కేసు మళ్లీ మొదటికొస్తుంది. గడువు దాటినా సరైన కారణం చూపితే కోర్టు ఒప్పుకోవచ్చు. ఆ అబ్బాయికి అలాగే చేశాం. వాళ్లమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "మావాడు జైలుకి పోడు కదా నాయనా" అని అడిగింది. ఈ నేరానికి జైలు శిక్షే లేదని చెప్పేదాకా ఆవిడ టెన్షన్ తగ్గలేదు.

అపోహ: కోవిడ్ జరిమానాలన్నీ రద్దు చేశారు.

రద్దు చేసింది ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్. 2022 నవంబర్‌లో 33 వేలకు పైగా నోటీసులు వెనక్కి తీసుకున్నారు, వాటిలో నేరమేమిటో సరిగా రాయలేదని. ఆ వార్తను ఎవరో లండన్‌కి అంటించి ఫార్వర్డ్ చేశారు. ఇంగ్లండ్‌లో అలాంటి మాఫీ ఏదీ లేదు.

అపోహ: ప్రధానికి 50 పౌండ్లు, మామూలోడికి 10 వేలు.

తేదీలు చూడండి. 2020 జూన్‌లో మొదటి జరిమానా 100, రెండు వారాల్లో కడితే సగం. 10 వేల పౌండ్లు వచ్చింది ఆ ఆగస్టు చివర్లో, అదీ 30 మందికి మించిన పార్టీ పెట్టినవాళ్లకి.

అపోహ: పోలీసులు పెద్దవాళ్ల జోలికే పోలేదు.

పోయారు, ఆలస్యంగా. పాత ఉల్లంఘనలను సాధారణంగా తవ్వబోమని మెట్ (లండన్) పోలీసులు మొదట చేతులు దులుపుకున్నారు. 2022 జనవరిలో పార్టీగేట్ విచారణ మొదలుపెట్టి, మే నాటికి 83 మందికి 126 నోటీసులు ఇచ్చారు. స్కాట్లండ్ ఎంపీ మార్గరెట్ ఫెరియర్ కోవిడ్‌తో రైలెక్కినందుకు కోర్టులో నేరం ఒప్పుకుని 270 గంటల సమాజ సేవ శిక్ష పొందారు. డరమ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత కియర్ స్టార్మర్ ఆంక్షల కాలంలో బీరు తాగిన వ్యవహారాన్ని అక్కడి పోలీసులు విచారించి, తప్పేమీ లేదని వదిలేశారు.

నాకు కోపం తెప్పించే తేడా ఇంకొకటి. డౌనింగ్ స్ట్రీట్ (ప్రధాని ఆఫీసు) వాళ్లకు పోలీసులు ప్రశ్నావళి పంపారు. లాయర్‌ని అడిగి, తీరిగ్గా రాసిచ్చే వీలు దొరికింది. మన పిల్లలకు అర్ధరాత్రి గుమ్మంలోనే నోటీసు చేతిలో పెట్టారు.

కొత్తగా కేసు పెట్టే మూడేళ్ల గడువు ఇప్పుడు దాటిపోయింది. మీరు చూసుకోవాల్సింది పాత తీర్పు ఏదైనా ఉందా అన్నదే. అప్పుడు నోటీసు డబ్బు కట్టలేదని గుర్తుంటే, ఆ రోజు తేదీ, అప్పటి అడ్రసు, ఏ పోలీస్ ఫోర్స్ ఇచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని, ఐఎల్ఆర్ ఫీజు కట్టకముందే లాయర్ దగ్గరికి వెళ్లండి.