ప్రేమకథల మినియేచర్లు: అపోహలు - వాస్తవాలు

నేను పహాడీ పద్ధతిలో, అంటే హిమాలయాల కొండ రాజ్యాల పద్ధతిలో, మినియేచర్ బొమ్మలు వేస్తాను. చూడ్డానికి వచ్చినవాళ్లు పదే పదే అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చిన్నగా ఉంటుంది కాబట్టి మినియేచర్.

వాస్తవం: లాటిన్‌లో ‘మినియం’ అంటే ఎర్ర సీసం, రాతప్రతుల్లో వాడిన ఎర్రరంగు. పేరు అందులోంచి వచ్చింది.

అపోహ: ప్రేమంటే రాధాకృష్ణుల బొమ్మలే.

వాస్తవం: వాళ్లవే ఎక్కువ, ఒప్పుకుంటాను. జయదేవుడి గీతగోవిందాన్ని ఆ కొండ రాజ్యాల్లో ఒకటైన గులేర్‌కు చెందిన మానకు అనే చిత్రకారుడు 1730లో బొమ్మలకెత్తాడు. కానీ నలదమయంతులూ ఉన్నారు. మన శ్రీనాథుడు తెలుగు చేసిన శ్రీహర్షుడి నైషధమే అక్కడ పహాడీ బొమ్మల వరసయింది. ఉషా అనిరుద్ధుల కథైతే నాకు ప్రాణం. కలలో కనిపించినవాడెవరో ఉషకు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ ఒక్కొక్కరి బొమ్మా గీసి చూపిస్తుంటే అనిరుద్ధుడి దగ్గర ఉష గుర్తుపడుతుంది. ఆ ప్రేమను కలిపింది ఒక చిత్రకారిణి!

అపోహ: భావమంతా ముఖంలోనే, చెట్టూ చేమా అలంకారానికి.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈ ముఖాలు చాలావరకు పక్కనుంచి కనిపిస్తాయి, దాదాపు ఒకే పోలికలో ఉంటాయి. ఏడుపూ నవ్వూ వాటిలో వెతికితే దొరకవు. మనసులో మాట చుట్టుపక్కల ఉంటుంది. ప్రియుణ్ణి కలవడానికి రాత్రిపూట బయల్దేరిన నాయిక, అభిసారికను చూడండి. చిమ్మచీకటి, ఆకాశంలో సన్నటి బంగారు మెరుపు, పాదాల దగ్గర పాములు. ఆమె మాత్రం తొణకదు. ఆ పాముల్ని తీసేస్తే ఆమె తెగువ కనిపించదు, నడిచి వెళ్తున్న ఒక అమ్మాయి మిగులుతుంది. మోసపోయిన నాయిక విప్రలబ్ధ దగ్గర ఆకులతో పరిచిన పడక ఖాళీగా ఉంటుంది, నగలు ఒలిచి నేల మీద పారేస్తుంటుంది. ప్రియుడు రాలేదని వేరే చెప్పాలా? అందుకే నేను ముఖం ఒక పూటలో ముగిస్తాను, చెట్టుకు అల్లుకున్న లతకు రెండు రోజులు పడుతుంది. అక్కడ తొందరపడితే బొమ్మ చచ్చిపోతుంది.

అపోహ: నగల మెరుపంతా రంగూ బంగారమే.

వాస్తవం: బంగారం ఉంటుంది. కానీ మరో కొండ రాజ్యం బసోహ్లీలో వేసిన పాత బొమ్మల్లో పచ్చలు పురుగు రెక్కల ముక్కలు! మెరిసే ఆకుపచ్చ పెంకుల్ని చిన్నగా కత్తిరించి అతికించారు. ఈ బొమ్మలు గోడకు తగిలించేవి కావు, చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచి చూసేవి. మ్యూజియంలో అద్దం వెనక ఉంటే వంచలేం కదా, మీరే ఒక అడుగు పక్కకు జరగండి. రాధ మెడలో పచ్చ వెలుగుతుంది.