డీఎస్సీ నుంచి రిలీవింగ్ దాకా: టీచర్ నియామకాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల భారీ నియామక పరీక్ష) పడింది, ఇక బడుల్లో ఖాళీలు ఉండవు.

వాస్తవం: నోటిఫికేషన్‌లో అచ్చయ్యే అంకె వేరు, క్లాసులోకి వచ్చే టీచర్ల అంకె వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. చివరికి ఎంపికైంది 15,941 మంది. మిగతా 406 పోస్టులకు తగిన అభ్యర్థులు దొరకలేదు. జిల్లా, మేనేజ్‌మెంట్ (బడిని నడిపే సంస్థ), మీడియం, సబ్జెక్టు, రోస్టర్ పాయింట్ (రిజర్వేషన్ వరుస), మహిళా కోటా అంటూ ఇన్ని గళ్లుగా పోస్టుల్ని విడగొట్టాక, ఏదో ఒక గడిలో అర్హులే లేకపోవడం మామూలే. డీఎస్సీలో వెయిటింగ్ లిస్టు కూడా ఉండదు. మిగిలిన పోస్టు మళ్లీ డీఎస్సీ పడేదాకా ఆగాల్సిందే.

దీనికన్నా పెద్ద చిల్లు ఇంకోటుంది. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు) పోస్టుల్లో 70 శాతం ప్రమోషన్లకు, 30 శాతం నేరుగా నియామకానికి పోతాయి. హైస్కూల్లో ఒక ప్రమోషన్ ఇచ్చారంటే ప్రైమరీలో ఒక ఎస్జీటీ (ప్రైమరీ టీచరు) ఖాళీ పుట్టినట్టే. సర్వీసులో ఉన్న ఎస్జీటీలు డీఎస్సీ రాసి స్కూల్ అసిస్టెంట్‌గా జాయినైనా అంతే, కొత్త టీచరు వచ్చిన రోజే పాత బడిలో కుర్చీ ఖాళీ అవుతుంది. పైగా తెలంగాణలో 2017 టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2024లోనే (11,062 పోస్టులు). ఏపీలో 2018 తర్వాత 2025లో. ఈ మధ్యలో రిటైర్మెంట్లు ఏ నెలా ఆగలేదు. విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదు. ఏడేళ్లకోసారి డీఎస్సీ వేసి ఆ గీత దాటకుండా ఉండటం ఎవరి వల్లా కాదు.

అపోహ: టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసైతే చాలు, మార్కులు ఎన్నొచ్చినా ఒకటే.

వాస్తవం: ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు డీఎస్సీ పరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ. టెట్‌లో 150కి 90 వస్తే ఆ 20లో మీకు 12 పడతాయి, 120 వస్తే 16. తేడా నాలుగు మార్కులు. డీఎస్సీలో 160 ప్రశ్నలు, ఒక్కోటి అర మార్కు. అంటే టెట్‌లో వెనకబడిన ఆ 30 మార్కుల్ని పూడ్చుకోవాలంటే డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలు అదనంగా కొట్టాలి. ఒకే మార్కు దగ్గర పదుల మంది నిలబడే చోట ఎనిమిది ప్రశ్నలంటే మాటలు కాదు. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాలం చెల్లుబాటు ఉంది. అయినా స్కోరు తక్కువగా ఉన్నవాళ్లు మళ్లీ రాయడమే తెలివైన పని.

అపోహ: బీఈడీ ఉంటే ఎస్జీటీకీ అప్లై చేయొచ్చు.

వాస్తవం: 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పాలంటే డీఈడీ లేదా డీఎల్ఈడీ కావాలి. "బ్రిడ్జి కోర్సు చేయిస్తాం" అని ఫీజు అడిగే వాళ్లకు కొత్త అభ్యర్థులు దూరంగా ఉండాలి.

అపోహ: ఆధార్‌లో ఏ జిల్లా ఉంటే ఆ జిల్లాకే లోకల్.

వాస్తవం: లోకల్ స్టేటస్ తేల్చేది ముందుగా చదువు, ఆధార్ చిరునామా కాదు. ఏపీ 2025 డీఎస్సీలో నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు చూశారు, తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చూస్తారు. లోకల్ కోటా ఏపీ 2025 డీఎస్సీలో 80 శాతం, తెలంగాణలో 95. మిగిలింది నాన్‌లోకల్ వాళ్ల కోటా అనుకోవడం ఇంకో పొరపాటు. అది ఓపెన్, మెరిట్ ఉన్న లోకల్ అభ్యర్థులూ అందులోకే వస్తారు. చదివిన ప్రైవేటు బడి మూతపడితే ఏం చేయాలన్నది సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు కాదు, అప్లై చేసే ముందే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోవాలి.

అపోహ: సర్వీసులో ఉన్నవాళ్లకు టెట్‌తో పనిలేదు.

వాస్తవం: 2025 సెప్టెంబర్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ ధీమాను తీసేసింది. విద్యాహక్కు చట్టం రాకముందు చేరి, ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలని చెప్పింది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగొచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. మైనారిటీ విద్యాసంస్థల విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు. ఎస్జీటీగా ఉంటూ స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ కోరుకునేవాళ్లు టెట్‌లో ప్రైమరీకి ఉండే పేపర్-1తో సరిపెట్టుకోవద్దు, పై తరగతులకు ఉండే పేపర్-2 రాయాలి.

అపోహ: మారుమూల బడిలో టీచర్ నిలవకపోవడానికి కారణం అంకితభావం లేకపోవడమే.

వాస్తవం: ముందు పే స్లిప్ చూడండి. తెలంగాణలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ ప్రారంభ మూలవేతనం 31,040 రూపాయలు. హైదరాబాద్‌లో పనిచేస్తే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 24 శాతం, పల్లెలో 11. అంటే అదే పనికి, అదే కేడర్‌కు ఊళ్లో ఉన్న టీచరుకు నెలకు దాదాపు 4,035 రూపాయలు తక్కువ. రోజూ బస్సు దిగి ఆటో ఎక్కే ఖర్చు దీనికి అదనం. బదిలీల్లో కష్టమైన కేటగిరీ బడులకు ఎక్కువ పాయింట్లు ఇస్తారు. కానీ పాయింట్లు పనికొచ్చేది అక్కడి నుంచి బయటపడటానికే.

ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, ఇంకో పద్ధతి నడిచింది. 2000 జనవరిలో ఇచ్చిన జీవో 3 ద్వారా షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. ఊరివాడైతే బడి మానడు, పిల్లల భాష వస్తుంది అన్నది లెక్క. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్లను షరతులతో ఉండనిచ్చింది. కోటా శాతం మీద ఎన్ని వాదనలున్నా, స్థానికుడైతే నిలుస్తాడన్న లెక్క మాత్రం తప్పు కాదు.

అపోహ: జిల్లాలో 30 మందికి ఒక టీచరున్నాడు, ఇక కొరతెక్కడ?

వాస్తవం: విద్యాహక్కు చట్టం లెక్క జిల్లా సగటుది కాదు, బడిబడికీ వేరు. ప్రైమరీలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. పిల్లలు పదిహేను మందే ఉన్నా ఇద్దరు టీచర్లు రావాలి. ఏకోపాధ్యాయ బడిలో ఆ ఒక్కరూ సెలవు పెడితే సీఆర్‌పీనో (కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) పక్క బడి టీచరునో సర్దుబాటు మీద పంపుతారు, అప్పుడు పక్క బడిలో ఒకరు తగ్గుతారు. బదిలీ ఆర్డర్ చేతికొచ్చినా రిలీవర్, అంటే ఆ స్థానంలోకి వచ్చే టీచరు, రానిదే ఆ టీచరును రిలీవ్ చేయరు (పాత బడి నుంచి వదలరు). దాంతో ఆ టీచరు కోరుకున్న బడిలో కాగితం మీద పోస్టు నిండినట్టే కనిపిస్తుంది, పాఠం చెప్పే మనిషి ఉండడు. మీ ఊరి బడి సంగతి తెలియాలంటే మంజూరైన పోస్టులెన్నని అడిగి ఊరుకోకండి. ఈ రోజు అటెండెన్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టిందెవరు, డెప్యుటేషన్ మీద బయట ఉన్నదెవరు, రిలీవింగ్ కోసం ఆగినవాళ్లెందరు అని హెచ్‌ఎంను విడివిడిగా అడగండి.