ఫోమ్ కవచం: సిల్వర్ స్ప్రే పట్టుకునే ముందు (అపోహలు - వాస్తవాలు)

దసరా వేషాలకీ కాలేజీ ఫెస్టులకీ కవచాలు చేసుకునే కుర్రాళ్ళు కాకినాడ నుంచి భీమవరం దాకా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, సిల్వర్ మూడు డబ్బాలు కొట్టాం, అయినా ఇనుములా కనపడట్లేదు. ఏ కంపెనీ స్ప్రే కొనమంటారు?" ముందు నాలుగో డబ్బా కొనడం ఆపండి. కంపెనీ మారిస్తే వచ్చేది ఏమీ లేదు.

అపోహ: అతుకులు, గరుకు, కత్తి గీతలు అన్నీ పెయింటు కింద కలిసిపోతాయి.

వాస్తవం: సిల్వర్ రంగు లోపాలను ఎత్తి చూపిస్తుంది. అందులోని సన్నటి లోహపు రేణువులు వెలుగును తిప్పికొడతాయి కాబట్టి, వంపులో గోరంత గుంట ఉన్నా వెలుగు అక్కడ విరిగి కనపడుతుంది. మెరుపు లేని రంగు కింద ఎవరూ పట్టించుకోని అతుకు సిల్వర్ కింద గజం దూరం నుంచి తెలిసిపోతుంది. పైగా కవచానికి వాడే ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే మెత్తటి షీటు) కోసిన అంచు నిండా సూదిమొన రంధ్రాలే. వాటిని మూసి సీల్ చేయకుండా కొడితే పెయింటు వాటిలోకి ఇంకిపోతుంది. మీ మూడు డబ్బాలూ పోయింది అక్కడికే.

పని వరస ఇదీ. ఛాతీకీ వీపుకీ 10 ఎంఎం షీటు, చేతులకూ పిక్కలకూ 5 లేదా 6 ఎంఎం, అంచు పట్టీలకు 2 ఎంఎం. ముక్క కోశాక, అతికించక ముందే హీట్ గన్‌తో (వేడి గాలి ఊదే యంత్రం) వేడి చేసి వంపు తేవాలి. అతికించాక వేడి పెడితే గమ్ము మెత్తబడి అతుకు నోరు తెరుస్తుంది. గన్‌ను జానెడు దూరంలో పెట్టి, ఒకేచోట నిలపకుండా ఆడిస్తూ ఉండాలి. పైభాగం కొద్దిగా నిగనిగలాడగానే తీసెయ్యండి, రంధ్రాలు మూసుకున్నట్టు గుర్తు అదే. ఇంకా కాలిస్తే ఫోమ్ పొక్కులెక్కి గట్టిపడుతుంది, దాన్ని మళ్ళీ బాగుచేయలేం. గమ్ము పడాల్సిన అంచులకు మాత్రం ఈ వేడి తగలనివ్వకండి. కోసింది కోసినట్టు ఉంటేనే గమ్ము పట్టు బాగుంటుంది.

అతికించాక అతుకుల సందుల్లో పెయింటు పట్టే యాక్రిలిక్ సీలెంట్ నింపి, తడి వేలితో నున్నగా లాగి, ఒక రాత్రి ఆరనివ్వాలి. సిలికాన్ సీలెంట్ వద్దు, దాని మీద ఏ పెయింటూ నిలవదు. గోడల పుట్టీ, కారు పుట్టీ కూడా వద్దు. ఫోమ్ వంగుతుంది, అవి వంగవు, వేసుకుని రెండడుగులు నడిస్తే పెళ్ళలు రాలతాయి.

తరవాత సీలింగ్. తెల్ల ఫెవికాల్ నీళ్ళు కలిపి నాలుగైదు పూతలు వేయడం చౌక పద్ధతే గానీ, అది తడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. మన డెల్టా ఉక్కపోతలో, చెమటలో, లోపలివైపు బంకబంకగా తయారవుతుంది. దానికన్నా మేడల లీకేజీకి వాడే ఎలాస్టోమెరిక్ యాక్రిలిక్ కోటింగ్ మేలు, ఫోమ్‌తో పాటు వంగుతుంది. కొంచెం నీళ్ళు కలిపి, స్పాంజి రోలర్‌తో పల్చగా మూడు పూతలు వేయండి. బ్రష్షుతో వేస్తే చారలు పడతాయి, ఆ చారలనూ సిల్వర్ చూపిస్తుంది.

ఇదంతా నున్నగా వచ్చాక నిగనిగలాడే నల్ల పెయింటు (గ్లాసీ బ్లాక్) వేయండి. మెరుపంతా ఈ నల్ల పూత నునుపు మీదే ఆధారపడి ఉంటుంది. దీనిమీద సిల్వర్‌ను అడుగు దూరం నుంచి, తడి కారకుండా, పల్చటి పూతలుగా రెండు మూడు సార్లు. పూతకూ పూతకూ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగితే ఒక్క డబ్బాలో ఛాతీ కవచం అయిపోతుంది. అది పూర్తిగా ఆరాక క్లియర్ (రంగులేని రక్షణ పూత) వేసి, నలుపూ ముదురు గోధుమా కలిపిన యాక్రిలిక్ రంగు బాగా పల్చన చేసి పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయండి. మూలల్లో మిగిలిన మురికి రంగే పాత ఇనుము రూపం తెస్తుంది. క్రోమ్ స్ప్రే మీద క్లియర్ వేస్తే దాని అద్దపు మెరుపు చచ్చిపోతుందని గుర్తుంచుకోండి. యుద్ధంలో తిరిగిన కవచానికి ఆ మెరుపు అక్కర్లేదు కూడా.

అపోహ: మనం కొన్నది నకిలీ గమ్ము, నకిలీ స్ప్రే.

ఈ పుకారు విని ఆన్‌లైన్‌లో రెట్టింపు ధర పెట్టినవాళ్ళను చూస్తే కష్టంగా ఉంటుంది. చాలాసార్లు తప్పు గాలిలోని తేమది. దసరా వచ్చేది వానలు పూర్తిగా వదలని రోజుల్లో, తుపాన్ల కాలం మొదట్లో. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలోని తేమ దానిమీద వాలుతుంది. స్ప్రే అయితే పాలు పోసినట్టు తెల్లబారుతుంది. గమ్ము అయితే ఆరినట్టే కనిపించి పట్టు ఇవ్వదు. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు గమ్ము రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటుకోకుండా ఆరేదాకా ఆగి, అప్పుడు నొక్కాలి. పొడి రోజుల్లో పది, పదిహేను నిమిషాలు చాలు, ముసురు రోజుల్లో ఇంకా ఆగాలి. స్ప్రే పని ఎండ కాసే రోజున ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు లోపు పెట్టుకోండి. ముసురు వదలకపోతే స్ప్రే మానేసి, ఇంట్లోనే నల్ల యాక్రిలిక్ మీద గ్రాఫైట్ పొడి గుడ్డతో రుద్దండి, చక్కటి ఉక్కు రంగు వస్తుంది. దానిమీద క్లియర్ తప్పనిసరి, లేకపోతే చేతులకంటుతుంది.

అపోహ: గుడ్డ మాస్కు చాలు.

చాలదు. ఎన్95 కూడా ఫోమ్ అరగదీసినప్పుడు లేచే దుమ్మునే ఆపుతుంది, గమ్ము ఆవిరినీ స్ప్రే ఆవిరినీ ఆపదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. "పిల్లాడు గదిలో గమ్ము వాసన పీలుస్తున్నాడు" అని ఇంట్లో అమ్మ భయపడుతుంటే ఆ భయం సరైనదే, కొట్టిపారేయకండి. పని మేడమీదకో వరండాలోకో మార్చండి. గమ్ము తడిగా ఉన్న చోట హీట్ గన్, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఏదీ ఉండకూడదు, ఆ ఆవిరి అంటుకుంటుంది. హీట్ గన్ లేదని పొయ్యి మంట మీద ఫోమ్ కాల్చే వీడియోలు నమ్మొద్దు.

మిగతావి గబగబా. ఫెవిక్విక్ అతుకు పెళుసు, వంగే చోట పటుక్కున విరుగుతుంది. థర్మోకోల్ మీద మామూలు స్ప్రే కొడితే కరిగిపోతుంది, ముందు తెల్ల ఫెవికాల్ పూత ఉండాలి. త్రీడీ ప్రింట్ తీస్తే శ్రమ తగ్గుతుందన్నది నిజం కాదు, పొర గీతలు పోగొట్టడానికే ఎమిరీ పేపర్లు చాలా కావాలి. పైగా త్రీడీ ప్రింట్‌కు ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో పెట్టిన కారులో వంకర్లు పోతుంది. డౌన్‌లోడ్ చేసిన కొలతల్ని అలాగే కోసేయొద్దు, ముందు అట్టతో చేసి, లోపల వేసుకునే బట్టల మీద తొడిగి, కూర్చుని చూడండి. కూర్చుంటే ఛాతీ ముక్క గడ్డానికి తగులుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు మొఘలుల కాలపు చార్ ఆయినా అనే పలకల కవచం మంచి ఎంపిక. ఛాతీకొకటి, వీపుకొకటి, పక్కలకు రెండు, మొత్తం నాలుగు పలకలు. పక్క పలకలకు చంక కింద నెలవంక ఆకారంలో కోత ఉంటుంది. పలకలను తోలు పట్టీలు, బకిల్స్ కలుపుతాయి కాబట్టి, ఒళ్ళు కాస్త అటూ ఇటూ అయినా సరిపోతుంది. పట్టీని ఫోమ్‌కు ఉత్తి గమ్ముతో అంటించొద్దు, ఊడొస్తుంది. ముందు పట్టీని ఒక తోలు ముక్కకు కుట్టి, ఆ ముక్క మొత్తాన్ని లోపలివైపు అతికించండి. వాడాక తుడిచి, ఒకదానిమీద ఒకటి పేర్చకుండా వేలాడదీయండి. వానాకాలంలో తోలుకు బూజు పడుతుంది కాబట్టి పట్టీలను విప్పి వేరేగా ఆరబెట్టాలి.