అమ్మమ్మ పిలుపూ, మైకు సెట్టూ

చిరంజీవులు చిన్నీకి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీరు బరంపురం చేరినట్టు మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ ఉత్తరం కూడబలుక్కునైనా సరే మీరే చదవండి, అమ్మచేత చదివించుకోవద్దు. బళ్ళో అంతా ఒడియా, ఇంగ్లీషే కదా. ఇలాగైనా తెలుగు అక్షరం మీ చేతిలోంచి జారిపోకుండా ఉంటుంది.

చిన్నీ, ఆదివారం తెల్లవారుజామున రోడ్డు పక్క కాలవలో తాబేలు పిల్లల్ని చూశావు కదా. బస్సెక్కేదాకా నువ్వు ఒకటే అడిగావు. "సముద్రం అంత పెద్దది, అంత దగ్గర. హోరు కూడా వినిపిస్తోంది. మరి వీటికి దారి ఎందుకు తెలీలేదు తాతయ్యా?" అని. బస్సు టైమైపోతోందని అప్పుడు మాట దాటేశాను. రెండు రోజులనుంచి ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది.

సాయంత్రం మీరు వీధిలో ఆడుకుంటుంటే అమ్మమ్మ గుమ్మంలో నిలబడి పిలుస్తుంది. గట్టిగా అరవదు, అరిచే గొంతే లేదు ఆవిడకి. అయినా నాలుగిళ్ళ అవతల ఉన్నా మీకు వినిపిస్తుంది. అదే వీధిలో పెళ్ళివారి మైకు సెట్టు మోగుతోందనుకో. అమ్మమ్మ అలాగే పిలుస్తుంది, మీ చెవులూ బాగానే ఉంటాయి. కానీ పిలుపు మీదాకా రాదు. తాబేలు పిల్లకి సముద్రం అమ్మమ్మలాంటిది. కాకపోతే సముద్రం వాటిని పిలిచేది వెలుతురుతో.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి, ఇసకలో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పి వెళ్ళిపోతుంది. ఆ గుడ్ల దగ్గరికి మళ్ళీ రాదు. ఏడు వారాలు అటూ ఇటుగా లోపలి పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పైకి వస్తాయి. పై ఇసక చల్లబడితే రాత్రయిందని వాటికి గుర్తు. అప్పుడు బయటికొచ్చి తల తిప్పి చూస్తాయి. నేలవైపు సరుగుడు తోట, ఇసక దిబ్బలు, అంతా నల్లగా ఎత్తుగా ఉంటుంది. సముద్రంవైపు చుక్కల వెలుగునీ వెన్నెలనీ నీళ్ళు తిరిగి విసురుతుంటే, కిందుగా ఒక పల్చటి వెలుగు గీత కనిపిస్తుంది. అదే పిలుపు. ఆ గీత కేసి పరుగు. మనుషులు పుట్టకముందునుంచీ ఇంతే. వాటిని మోసం చేసే వెలుగు ఇంకోటి ఉంటుందని వాటికెవరు చెబుతారు?

రోడ్డు మీద ఆ పెద్ద స్తంభం లైటు మైకు సెట్టు. దాని ముందు సముద్రం గొంతు ఏపాటిది!

నాకు పదేళ్ళప్పటి సంగతొకటి చెప్పాలి. చైత్రమాసం, మా మేనమామ పెళ్ళి. ఊళ్ళో కరెంటు లేదు. ఛత్రపురం నుంచి రెండు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకి తెచ్చారు. నా మట్టుకు నాకు పెళ్ళికూతురికంటే ఆ లైట్లే గొప్పగా కనిపించాయి. బుస్సుమని శబ్దం, కిరసనాయిలు వాసన, చూస్తే కళ్ళు చెదిరే తెల్లటి వెలుతురు. ఒడ్డుకి దగ్గరగా ఇసకలోనే పందిరి. రెండో బంతిలో కూర్చున్నాను. విస్తరి అంచున ఏదో కదిలింది. పీత అనుకుని చేత్తో తోయబోయాను. తాబేలు పిల్ల! నా బొటనవేలికంటే కాస్త పొడుగు. కళ్ళ మీద ఇసక రేణువులు, వీపు మీద ఇంకా తడి ఇసక. అరిచేతిలో పెట్టుకుంటే నాలుగు తెడ్లూ ఆగకుండా కొడుతూనే ఉంది, నా చెయ్యి కూడా సముద్రమే అన్నట్టు. అటు చూస్తే ఇసక మీదనించి ఇంకా పాతికో ముప్ఫయ్యో వస్తున్నాయి. పెద్దత్త కేక పెట్టి ఆకు ముందునుంచి లేచిపోయింది.

మా నాయనమ్మ మాత్రం కంగారు పడలేదు. "ఆటిదేం తప్పురా, మనం పిలిస్తే వచ్చాయి" అంది. వంటలవాళ్ళ దగ్గరనుంచి రెండు చాటలు తెప్పించి, లైట్లకి సముద్రంవైపు అడ్డంగా కట్టించింది. పందిట్లోకి వచ్చినవాటిని గంపలోకి ఎత్తి నీళ్ళ దగ్గర వదిలాం. దారిలో ఉన్నవి కాసేపు అక్కడక్కడే తచ్చాడి, ఒక్కొక్కటే తల తిప్పి, సముద్రంకేసి నడిచాయి. భోజనాలు ఆగలేదు. విస్తట్లో వెలుతురు తగ్గలేదు కూడా. ఆ చాటలు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

నేను లైట్లు వద్దనడం లేదర్రా. మీ అమ్మ చదువుకునే రోజుల్లో బస్టాపు నుంచి ఇంటికి చీకట్లో వస్తుంటే ఎంత టెన్షన్ పడేవాణ్ణో. 2015లో దేశమంతటా వీధి దీపాలు ఎల్ఈడీలకి మార్చే పథకం మొదలుపెట్టారు, కరెంటు ఖర్చు తగ్గుతుంది, మంచిదే. కానీ లైటు వేశారా లేదా అని అడిగేవాళ్ళే గానీ, ఆ వెలుతురు ఎక్కడ పడుతోందని అడిగేవాళ్ళు లేరు. మొన్నామధ్య ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే, "లైటు తగ్గించమనే అర్జీ ఇదే మొదటిసారి పెద్దాయనా" అన్నారు. తగ్గించమని కాదు బాబూ, చాట కట్టమని అని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

మైకు సంగతి చూడండి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట మైకు పెట్టకూడదని 2000లో దేశమంతటికీ రూలు వచ్చింది. పక్కింటివాళ్ళ నిద్ర పాడుచేసే హక్కు ఎవరికీ లేదని ఒప్పుకున్నాం. మరి వెలుతురుకో? అలాంటి చట్టం విడిగా మనకి ఇప్పటికీ లేదు. మైకుకి చెప్పిన మాటలే లైటుకీ చెప్పొచ్చు. మూతి ఆకాశంకేసి పెట్టకు, కిందికి తిప్పు. వాల్యూం తగ్గించు. జనం పడుకున్నాక కట్టేయ్. రంగు దగ్గరికొచ్చేసరికి నా పోలిక సరిపోదు గానీ ఆ మాట కూడా వినండి. తెల్లటి లైట్లలో నీలం పాలు ఎక్కువ. పగలు ఆకాశాన్ని నీలంగా చేసేదేదో రాత్రి ఈ వెలుతుర్నీ గాలిలో చల్లేస్తుంది. తాబేలు పిల్లలకి ఎక్కువగా కనిపించేదీ అదే. పసుపూ ఎరుపూ కలిసిన పండు రంగు లైటైతే మనకి దారి కనిపిస్తుంది, వాటికి అంత లాగుడుండదు. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో చాలా ఊళ్ళు తాబేళ్ళకోసమే దీపాల చట్టాలు పెట్టుకున్నాయి. ఫ్రాన్సులో 2013 నుంచి దుకాణాల అద్దాల వెనక లైట్లు అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకల్లా ఆర్పాలి. మన దేశంలోనూ కొందరు మొదలుపెట్టారు. లడఖ్‌లో హాన్లే దగ్గర చీకటి ఆకాశాన్ని కాపాడుతున్నారు. మహారాష్ట్రలో పెంచ్ పులుల అడవికి 2024లో చీకటి ఆకాశపు పార్కని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. పులికీ చుక్కకీ ఒకే చోట కాపలా!

మన రుషికుల్య నది మొగ దగ్గర కూడా పిల్లలు బయటికొచ్చే రోజుల్లో అటవీశాఖవాళ్ళు తీరంవైపు లైట్లు ఆర్పమనో, మరుగు పెట్టమనో అడుగుతుంటారు. మన కుర్రాళ్ళు ఒడ్డు పొడుగునా వల కంచె కట్టి, దారి తప్పినవాటిని బకెట్లలో మోస్తారు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లులు ఆరున్నర లక్షలకు పైమాటే. ఎన్ని బకెట్లని మోస్తాం? ఈ ఒడ్డుకి ఇన్ని తాబేళ్ళు వస్తాయని శాస్త్రవేత్తలకి తెలిసింది 1994లో. మా నాన్నకి అంతకు చాలా ముందే తెలుసు. తాబేళ్ళు వచ్చే రోజుల్లో వేటకి వెళ్ళరాదని ఆయన వల మడతపెట్టేసేవాడు.

నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళి రాత్రుళ్ళు చుక్కల్ని చూసే తిరిగొచ్చేవాడు. పిల్లలకోడి అనే చుక్కల గుంపు ఎటు వాలిందో చూసి పొద్దెంతుందో చెప్పేవాడు. వేగుచుక్క పొడిస్తే వల లాగేవాడు. ఈ నెలలో అర్ధరాత్రి దాటాక సముద్రంలోంచి పాలపుంత లేస్తుంది. నీళ్ళ చివర ఎవరో ముగ్గు పిండి ఒలకబోసినట్టు మొదలై, తెల్లవారేసరికి నడినెత్తికి వచ్చేది. తెప్ప మీద పడుకుంటే పైనా చుక్కలే, కిందా చుక్కలే, నేనెక్కడున్నానో తెలిసేది కాదు. ఇప్పుడు మన అరుగు మీదనుంచి ఆకాశం బూడిద రంగులో కనిపిస్తోంది. పాలపుంత ఎందుకు లేస్తుంది, అన్ని చుక్కలు ఒకేచోట ఎందుకున్నాయి అని బాబు అడుగుతాడు. అది ఉత్తరంలో చెబితే సరిపోదురా, చూడాలి.

వచ్చే శనివారం మీ నాన్న తీసుకొస్తానన్నాడు. ఈలోగా ఒక పని చెయ్యండి. రాత్రి ఎనిమిదింటికి మీ డాబా మీదకి వెళ్ళి అక్కడి లైటు ఆర్పేసి, ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. ఫోన్ చూడొద్దు, చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పడమటి దిక్కున, కిందుగా, చిన్న గుత్తిలా ఉన్న పిల్లలకోడిని వెతకండి. అందులో ఎన్ని చుక్కలు కనిపించాయో ఇద్దరూ విడివిడిగా రాసుకోండి, ఒకరిది ఒకరు చూడొద్దు. నేనూ ఇక్కడ లెక్కపెడతాను.

వచ్చేటప్పుడు గాలిపటాల ఎర్ర కాగితం ఒకటి తెచ్చుకోండి. టార్చికి నాలుగు మడతలు వేసి చుట్టాలి. ఒడ్డున ఆ టార్చి తప్ప ఇంకేదీ వెలిగించం. చెప్పులు కూడా వద్దు, ఇసకలో ఏం కదిలినా ముందు పాదానికే తెలుస్తుంది.

మీ తాతయ్య