టక్కుమన్నది బొక్క కాదు

హన్మకొండలో నేను వెళ్లే సెలూన్‌లో కటింగ్ అయ్యాక తలకు నూనె పెట్టి, రెండు చేతులూ జోడించి చప్పుడొచ్చేలా కొడతాడు. చివర్లో ఒక చేత్తో గడ్డం, ఇంకో చేత్తో నడినెత్తి పట్టుకుని మెడను అటోసారి ఇటోసారి తిప్పుతాడు. టక్. పక్క కుర్చీలో ఆయనకు ప్రాణం లేచొస్తుంది. నేను మాత్రం రెండేళ్లుగా ‘మెడ వద్దన్నా’ అని ముందే చెప్పేస్తున్నాను.

మన దగ్గర నడుం పట్టేస్తే ‘బొక్క జరిగింది’ అంటాం. టక్కుమంటే జరిగిన బొక్క మళ్లీ కూర్చుందని లెక్క. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకున్నవాళ్లు మా వాడలోనే ఉన్నారు. ఇది మన ఒక్కరి నమ్మకమేం కాదు. 1895లో అమెరికాలో డేనియల్ డేవిడ్ పామర్, సరిగా వినపడని ఒక పనివాడి వెన్నులో జరిగిన పూసను నొక్కితే వినికిడి వచ్చిందని చెప్పి, కైరోప్రాక్టిక్ అనే వైద్యాన్నే మొదలుపెట్టాడు. వినికిడి నరం చెవి నుంచి పుర్రె లోపలే మెదడుకు పోతుంది, వెన్ను దాకా దిగనే దిగదు!

మరి చప్పుడెక్కడిది? కీలు చుట్టూ ఒక సంచి, అందులో కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగట ద్రవం ఉంటాయి. ఆ ద్రవంలో గ్యాస్ కరిగి ఉంటుంది. రెండు ఎముకల కొసలను ఒక్కసారిగా దూరం లాగితే లోపలి ఒత్తిడి పడిపోయి గ్యాస్ బుడగ కడుతుంది. ఆ బుడగ పగలడమే చప్పుడని 1971లో ఇంగ్లండ్ పరిశోధకులు తేల్చారు. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఎంఆర్‌ఐ యంత్రంలో వేలిని మెల్లగా లాగుతూ వీడియో తీస్తే, టక్కుమన్న తర్వాత కూడా లోపల ఖాళీ అలాగే కనిపించింది. కాబట్టి బుడగ పుట్టేటప్పుడే చప్పుడన్నారు. 2018లో ఇంకో ఇద్దరు లెక్కలు కట్టి, బుడగ సగం కుంచించుకుపోయినా అంత చప్పుడు వస్తుందన్నారు. ఈ తగువు ఇంకా తెగలేదు గానీ, బొక్క జరగడం అనేది ఇద్దరి వాదనలోనూ లేదు. విరిచిన వేలు మళ్లీ మోగాలంటే 20 నిమిషాలు ఆగాల్సిందీ ఇందుకే: గ్యాస్ తిరిగి ద్రవంలో కరగాలి.

మా చిన్నాయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి సీజన్లో నడుం పట్టేస్తే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాను.

“బొక్క జరిగిందా సారూ?”

“జరగలే పెద్దాయనా. బొక్క జరిగుంటే నువ్వు మెట్లెక్కి వస్తుంటివా?”

ముందు ప్రశ్నలే. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం ఆపుకోగలుగుతున్నావా, జ్వరముందా అని. అవేవీ లేవన్నాక బోర్లా పడుకోబెట్టి, అరచేతి మడమను నడుం పూస మీద ఆనించి, పిండి పిసికినట్టు ఒకే లయలో నొక్కడం మొదలుపెట్టాడు. మొదట పైపైన, తర్వాత పూస ఎంతవరకు కదులుతుందో అంతవరకు. ఈ నొక్కుళ్లకు ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ జెఫ్రీ మెయిట్లాండ్ ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడ్లు పెట్టాడు. టక్కుమనిపించే వేగం దెబ్బను అయిదో గ్రేడంటారు, చిన్నాయనకు అది వాడనేలేదు. లేపి వంగమంటే, వచ్చేటప్పుడు మోకాళ్ల దగ్గర ఆగిన చేతులు పిక్కల దాకా పోయాయి.

పూస ఎక్కడిదక్కడే ఉంది. మారింది నరాల లెక్క. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే నొప్పి తగ్గినట్టుంటుంది కదా, స్పర్శ కబురు వెన్నుపాములోనే నొప్పి కబురుకు అడ్డుపడుతుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. నొక్కుడు పనిచేయడంలో అదొక పాలు. బిగుసుకున్న కండ కాస్త వదలడం ఇంకో పాలు. తాకే చేతి మీద గురి కూడా ఒక పాలని నా అభిప్రాయం. ఈ ఉపశమనం ఎక్కువకాలం నిలవదు. అది ఉన్నంతలోనే కదలికలు చేయించాలి, అందుకే బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2016లో నడుం నొప్పికి చేతి వైద్యాన్ని వ్యాయామంతో కలిపితేనే వాడమన్నాయి. చిన్నాయనకూ నాలుగు ఎక్సర్‌సైజులు చెప్పి పంపారు. దారి పొడవునా ఆయన బాధ ఒక్కటే: “రెండు వందలు తీస్కున్నడు, ఒక్కసారి గూడ టక్కుమనిపియ్యలే.”

మెడ సంగతి వేరు. మెదడు వెనక భాగానికి రక్తం మోసే రెండు నాళాలు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచి దారం ఎక్కించినట్టు పైకి వెళ్తాయి. అన్నిటికన్నా పై పూస దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి దూరతాయి. మనం తల తిప్పేటప్పుడు దాదాపు సగం తిరుగుడు పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. హఠాత్తుగా మెలితిప్పితే అక్కడ నాళం లోపలి పొర చీరి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదే. కానీ నాళం ముందే కొంత చీరి, ఆ నొప్పికే మెడ తిప్పించుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లను గుర్తుపట్టే ప్రశ్నలు సెలూన్‌లో ఎవరడుగుతారు?

నూనె, ఆ చప్పుడు దెబ్బలు మాత్రం నేను మానలేదు. ఒక్కో ఆదివారం అయిదు నిమిషాలు ఎక్కువే కొట్టించుకుంటాను.