ఆటకంటే ముందే మాట

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో పెద్ద సినిమా బ్యానరు కట్టారంటే, విడుదల దగ్గరపడినట్టే. అప్పటినుంచి ఊళ్లో ఒకటే మాట. టీజరును ఒక్క రోజులో ఎన్ని లక్షల మంది చూశారో, ఉత్తరాంధ్ర హక్కులు ఎన్ని కోట్లు పలికాయో పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. బొమ్మ ఎలా ఉందో మాత్రం ఎవరికీ తెలియదు, ఇంకా ఎవరూ చూడలేదు కనుక. విడుదలైన రోజు సాయంత్రానికల్లా 'బ్లాక్‌బస్టర్' అన్న పోస్టరు గోడెక్కుతుంది. దాన్ని అచ్చుకు ఇచ్చే వేళకు మొదటి ఆట అయిందో లేదో కూడా అనుమానమే.

చూడకముందే పొగడటం మనవాళ్లకు తాతల నాటి అలవాటని తేలిగ్గా అనేస్తుంటారు. మా జిల్లాల్లో సినిమా నడిచిన తీరు తెలిసినవారు ఆ మాట ఒప్పుకోరు.

రీళ్ల రోజుల్లో ఒక్కో సినిమాకు తీసే ప్రింట్లు కొన్నే. విశాఖపట్నంలోని పంపిణీదారులు వాటిని ముందు పెద్ద ఊళ్లకు ఇచ్చేవారు. విజయనగరం, శ్రీకాకుళాల్లో ఆడాక పెట్టె రాజాం, పాలకొండ, టెక్కలి, సాలూరు వైపు కదిలేది. వ్యాపార భాషలో ఏ సెంటరు, బీ సెంటరు, సీ సెంటరు అంటే ఈ వరుసే. పల్లెల దగ్గరి టూరింగ్ టాకీసుకు చేరేసరికి నెలలు పట్టేది, అప్పటికి బొమ్మ నిండా గీతలు.

చిన్నప్పుడు ఒకసారి ఆ పెట్టెను దగ్గర నుంచి చూశాను. బస్సు పైనుంచి ఇద్దరు పట్టి దించారు. మూలలు తుప్పు పట్టిన రేకు పెట్టె, లోపల గుండ్రటి డబ్బాలు. ఒక్కో డబ్బాలో సుమారు 1000 అడుగుల రీలు, అంటే దాదాపు 11 నిమిషాల బొమ్మ. పెట్టె మూత మీద అంతకుముందు అది ఆడిన ఊళ్ల పేర్లు సుద్దతో రాసి, ఒకదాని తర్వాత ఒకటి కొట్టేసి ఉన్నాయి. చివర మా ఊరి పేరు. ఆ కొట్టేసిన ఊళ్లన్నిటి నుంచీ మాట అప్పటికే మాకు చేరిపోయి ఉండేది. విజయనగరంలో చదువుకునే పెదనాన్నగారి అబ్బాయి చెప్పేవాడు, సంతకు వెళ్లొచ్చిన మామయ్య చెప్పేవాడు. "బాగుందా?" అని అడిగితే, టికెట్టు కొని చూసిన మనిషి జవాబిచ్చేవాడు.

ప్రచారం అప్పుడూ ఉంది. రిక్షాకు రెండు వైపులా పోస్టర్లు అంటించి, మైకు కట్టి, వీధి వీధీ తిరిగేవారు. రంగు కాగితాల కోసం మేం బండి వెంట పరుగెత్తేవాళ్లం. మైకు ఎంత గొంతు చించుకున్నా అది మొదటి రెండు రోజుల ముచ్చటే. తర్వాత హాలు నిండాలంటే చూసినవాళ్లు నోరు తెరిచి చెప్పాలి. వంద రోజుల పండుగకు అంత విలువ అందుకే వచ్చింది. పదో వారంలో టికెట్టు కొనేవాడు పోస్టరు చూసి రాడు, పొరుగువాడు చెబితే వస్తాడు. సొంత డబ్బు పోసి వంద రోజులు నెట్టుకొచ్చిన సినిమాలూ లేకపోలేదు. కానీ జనం వాటిని వేరుగానే గుర్తుపెట్టుకున్నారు. 'ఆడింది' అనడానికీ 'ఆడించారు' అనడానికీ ఉన్న తేడా మా వీధిలో అందరికీ తెలుసు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. సినిమా కబురు పొరుగువాడికంటే ముందు ఇంట్లోకి వచ్చింది, అదీ సినిమా తీసినవాళ్ల నోటి నుంచే. అసలు మలుపు 2005 తర్వాతది. శాటిలైటు ద్వారా బొమ్మ నేరుగా హాలుకు చేరడం మొదలైంది, దశాబ్దం తిరిగేసరికి రీలు పెట్టె కనుమరుగైంది. హైదరాబాదులో ఆడే ఉదయం ఆటే పలాసలోనూ అదే వేళకు ఆడుతుంది. ఇది మంచి మార్పే. గీతలు పడిన బొమ్మను నెలల తరువాత చూడవలసిన గతి మాకు తప్పింది. కానీ ఆ నెలలతోపాటు మాట వచ్చే వ్యవధి కూడా పోయింది. వ్యాపారం మొత్తం మొదటి మూడు నాలుగు రోజుల మీదికి వచ్చి కూర్చుంది. ఆ రోజుల్లో హాలు నింపగలిగేది ముందుగా పెంచిన ఆశ ఒక్కటే.

టికెట్టు ధర కూడా ఆ మొదటి రోజుల్లోనే ఎక్కువ. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 13, హీరో, దర్శకుల పారితోషికం కాక నిర్మాణ ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాలకు షరతులతో మొదటి 10 రోజులు టికెట్టు ధర పెంచుకునే వీలు కల్పించింది. పెట్టిన డబ్బు వెనక్కి రావాలన్న నిర్మాత బాధ నాకు అర్థమవుతుంది. అయినా సరుకు గురించి ఏమీ తెలియని రోజున ఎక్కువ ధర, అంతా తెలిసిపోయాక తక్కువ ధర అంటే, నలుగురు పిల్లలతో వచ్చే కూలి మనిషి ఆ తేడాను తన జేబులోంచి కడుతున్నాడు. దానికి తోడు ఊళ్లో హాళ్లన్నీ ఒకే బొమ్మకు ఇచ్చేస్తే, మంచి చిన్న సినిమా నాలుగో రోజుకే వెళ్లిపోతుంది. దాని గురించి చెప్పేవాడు నోరు తెరిచేసరికి అది ఊళ్లో ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పుస్తకాలదీ ఇంచుమించు ఇదే దారి. వారపత్రికల కాలంలో నవల ముందు సీరియల్‌గా వచ్చేది, నచ్చితేనే పుస్తకంగా కొనేవాళ్లం. అద్దె పుస్తకాల దుకాణంలో అట్ట నలిగిన పుస్తకం దొరికితే నమ్మకంగా తీసుకునేవాళ్లం. ఇప్పుడు నెల తిరగకుండానే 'ఆరో ముద్రణ' అని అట్ట మీద కనబడుతుంది. పాత తెలుగు పుస్తకం లోపలి పేజీలో 'ప్రతులు: 1000' అని ఒక చిన్న వరుస ఉండేది. కావలసినన్నే అచ్చు వేసుకునే పద్ధతి వచ్చాక చాలా పుస్తకాల్లో ఆ వరుస కనబడటం లేదు. ఎన్ని ప్రతులో చెప్పని ముద్రణ సంఖ్యను నేను లెక్కలోకి తీసుకోను.

ఈ తొందరకు విరుగుడు లాంటి చోటు ఒకటి శ్రీకాకుళంలోనే ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు, మేమందరం పిలుచుకునే కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ప్రారంభించారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న మనిషి, తన సొమ్మూ పుస్తకాలూ పెట్టి, పాత పత్రికల కోసం ఊరూరా అడిగి, ఇతరుల కథలకు ఇల్లు కట్టారు. అక్కడ పేరు మోసిన కథా, ఎవరికీ గుర్తులేని కథా పక్కపక్కనే ఉంటాయి. ఆయన రాసిన 'యజ్ఞం' కథ ముగింపు మీద దశాబ్దాలపాటు వాదనలు నడిచాయి. వాదించినవాళ్లు చదివి వాదించారు.

ఇంకా వెనక్కి వెళితే విజయనగరం. 1892లో గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' అక్కడి రంగస్థలం మీద ఆడింది, జనం మెచ్చుకున్నారు. 1897లో ఐదంకాలతో అచ్చయింది. ఆ మెప్పుతో ఆయన ఆగి ఉండవచ్చు. ఆగలేదు. నాటకాన్ని తిరగరాసి, పాత్రలను పెంచి, 1909లో ఏడంకాలతో మళ్లీ అచ్చు వేయించారు. మనం ఈనాడు కన్యాశుల్కం అని చదువుకునేది ఆ రెండోదాన్నే.