పాత రైలు కట్ట చరిత్ర వెతుకుతున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

గిద్దలూరు మీదుగా దిగువమెట్ట దాటి నల్లమలలోకి పోయిన పాత మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు దూరం ఉండే) రైలు దారి చరిత్ర మీద కొన్నేళ్ళుగా పని చేస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అవే చోట్ల తడబడుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: జనం ఎక్కక, నష్టాలు వచ్చి లైను ఎత్తేశారు.

ఊళ్ళో ఎవరినడిగినా ఇదే మాట. కానీ గిద్దలూరు మీదుగా పోయే ఈ గుంటూరు-నంద్యాల లైనుని ఎత్తేయనే లేదు. 1992లో దేశమంతా ఒకే గేజి ఉండాలని ప్రాజెక్ట్ యూనిగేజ్ మొదలుపెట్టారు, 1990ల్లోనే మన లైనూ వెడల్పైన బ్రాడ్ గేజి అయింది. నల్లమల ఘాట్‌లో మాత్రం దారే మార్చారు. దొరబావి వంతెనతో సహా పాత దారి అడవిలో మిగిలిపోయింది. అక్కడికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి, అది పులులు తిరిగే చోటు. ఇదే లైను మీది దొనకొండలో పోయినది దారి కాదు, ఇంజన్లు నిలిపి బాగుచేసే లోకో షెడ్డు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఊరు బతికిందే దాని మీద.

అపోహ: ప్రకాశం జిల్లా రైల్వే అని వెతికితే కాగితాలు దొరుకుతాయి.

నేను రెండేళ్ళు పోగొట్టుకున్నది ఇక్కడే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, అదీ ఒంగోలు జిల్లా అనే పేరుతో. ప్రకాశం పంతులు గారి పేరు 1972లో పెట్టారు. లైను వేసిన 1880ల్లో కంభం, గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లా. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లా. ఒంగోలు తాలూకా కూడా నెల్లూరుదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి పోయింది. అంటే గిద్దలూరు స్టేషన్ సంగతికి కర్నూలు ఫైళ్ళు తెరవాలి.

లైను పేరూ అంతే. పాత కాగితాల్లో దాని పేరు బళ్ళారి-కృష్ణా స్టేట్ రైల్వే. 1876-78 కరువు తర్వాత, మళ్ళీ అలాంటిదొస్తే ధాన్యం చేర్చడానికి తలపెట్టిన లైన్లలో ఇదొకటి. నడిపింది సదరన్ మరాఠా రైల్వే. 1908లో అది మద్రాస్ రైల్వేతో కలిసింది, 1951లో సదరన్ రైల్వే అయింది, తర్వాత దక్షిణ మధ్య రైల్వే చేతికొచ్చింది. గుంటూరు డివిజన్ 2003 నాటిది. చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో సరైన పేరు చెప్పిన రోజున కాగితాలు కట్టలు కట్టలుగా బయటికొచ్చాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అపోహ: రైలు పట్టా మీద అచ్చుపడిన సంవత్సరమే లైను తెరిచిన సంవత్సరం.

గిద్దలూరు దగ్గర ఒక పశువుల కొట్టానికి పట్టా ముక్క గుంజగా పాతి ఉంది. పేడ కడిగి, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు తేలాయి: కంపెనీ పేరు, కింద సంవత్సరం. చూస్తే లైను పడిన ఇరవై ఏళ్ళ తర్వాతిది! అది పట్టా తయారైన ఏడు. పట్టాలు అరుగుతాయి, మారుస్తారు. పెద్ద లైన్లో వాడినవి చిన్న లైనుకి తెచ్చి వేయడమూ మామూలే. కాబట్టి పట్టా చెప్పేది ఒక్కటే: ఆ ఏడుకి ముందు అది ఇక్కడ లేదు. అయినా ఫొటో తీసుకోండి, కొలత రాసుకోండి, కొట్టం యజమాని కొన్నది ఎక్కడో అడగండి.

అపోహ: ముసలివాళ్ళ మాట చరిత్రకి పనికిరాదు.

పనికొస్తుంది, అడగడం తెలిస్తే. ఏ సంవత్సరం అనడిగితే తాత తడుముకుంటాడు. "దివిసీమ ఉప్పెనకి ముందా, వెనకా?" అనండి, 1977కి అటో ఇటో తేలిపోతుంది. "నీ పెళ్ళికి ఏ బండెక్కి పోయావు అవ్వా?" అంటే స్టేషన్‌లో బండి నీళ్ళు పట్టుకుంటుండగా తిన్న పలారం దాకా చెబుతుంది. తేదీ ఫైల్లో ఉంటుంది, ఈ ముచ్చట ఫైల్లో ఉండదు. రెండూ పక్కపక్కన రాసుకోండి, ఒకదాన్ని ఒకటి సరిచేస్తాయి. పట్టాలు బాగుచేసే గ్యాంగుల్లో పనిచేసినవాళ్ళని మాత్రం ఆలస్యం చేయకుండా కలవండి. నేను వచ్చే నెల చూద్దామనుకున్న ఒక గ్యాంగ్‌మేట్ ఆ నెలకి లేడు.

అపోహ: పట్టాలు తీసేస్తే భూమి పక్క రైతుదే.

కాదు. సేద్యం సాగుతున్నా సరే, అది రైల్వే భూమే. రెవెన్యూ వాళ్ళ దగ్గర డైగ్లాటు (పాత భూముల రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) చూడండి. చేల గట్లని ఏటవాలుగా కోసుకుంటూ పోయే సన్నని పట్టీ కనిపిస్తే, అదే మీ కట్ట.